పాత ఫోర్‌వీల్ పికప్: లివర్ వేస్తే బండి బిగుసుకుపోతోంది, ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పాలంటున్నారు

చీనీతోట (నార్పల, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్తే అన్నా. నార్పల పక్కన మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది. కాయ కోత వానల్లో పడిందంటే ట్రాక్టర్ తప్ప ఇంకో బండి లోపలికి రాదు, అందుకని ఒక పాత ఫోర్‌వీల్ పికప్ తీసుకున్నా. మహీంద్రా, డబుల్ క్యాబిన్, 2009 మోడల్, డీఐ టర్బో ఇంజిన్, ఫోర్‌వీల్ లివర్‌తోనే వేయాలి, స్విచ్ కాదు. ఇంతకుముందు మదనపల్లె నుంచి బెంగళూరుకు టమాటా తోలినారంట. ఇంజిన్ బాగుంది, ఆయిల్ మూత తీస్తే పొగ కొట్టదు, సగం సెల్ఫ్‌కే అందుకుంటుంది, మైలేజీ కూడా నేననుకున్న దానికంటే బాగానే వస్తోంది. మీటరు మాత్రం కొంచెం తేడా, 60 చూపించేటప్పుడు పక్కన బైకు మీద వస్తున్న మావాడు 70 దాటినామన్నాడు, పాత కేబుల్ కదా.

అసలు బాధ ఫోర్‌వీల్‌తో. టూ వీల్‌లో ఏ గోలా లేదు. ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగం గేరు) వేసి పది గజాలు పోయేసరికి ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు బండి బిగుసుకుపోతుంది, స్టీరింగ్ గట్టిపడుతుంది, కింద టక్ టక్ అంటుంది. మళ్లీ లివర్ వెనక్కి రాదు, రివర్స్‌లో కొంచెం పోతే అప్పుడు ఊడుతుంది. అనంతపురంలో ఒక మెకానిక్ చూసి ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) చైన్ సాగింది, గేరు జరిపే ఫోర్క్ అరిగింది, మొత్తం విప్పాల, 45 వేలు అవుతుంది అన్నాడు. ఇదయ్యాక టైర్లు, ముందర ఇనుప బంపరు, లైట్లు, కొంచెం ఎత్తు లేపడం, ఇవన్నీ మనసులో ఉన్నాయి. ముందు దేనికి డబ్బు పెట్టమంటారు?

గండికోట_కుర్రోడు (జమ్మలమడుగు)

బ్రో ముందు రెండు అంగుళాలు లేపు, మడ్ టైర్లు వెయ్యి, లుక్కే మారిపోతుంది 🔥 ఫోటో పెట్టు.

పెన్నఒడ్డు (తాడిపత్రి)

తమ్ముడూ, ఎత్తు సంగతి తర్వాత. నువ్వు ఫోర్‌వీల్ వేసి చూసింది ఎక్కడ? తారు రోడ్డు మీదనా? మన లివర్ బండ్లకు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్యలో డిఫరెన్షియల్, అంటే రెండు పక్కలా వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, ఉండదు. లివర్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకదానికొకటి కట్టేసినట్టే. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం పోవాలి, బురదలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది, ఎండిన తారు మీద జారడానికి లేదు కాబట్టి ఆ బిగువంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి ఉండిపోతుంది. అందుకే రివర్స్ పోతే ఊడుతోంది. అది రోగం కాదు, దాని గుణమే అంత. కొత్తగా ఫోర్‌వీల్ కొన్నవాళ్లలో సగం మంది ఇంటి ముందర సిమెంటు రోడ్డు మీద వేసి చూసి భయపడతారు.

చీనీతోట

అన్నా, మొదట తారు మీదే చూశా, నిజమే. కానీ తోటలో తడి నేల మీద తిన్నగా పోతున్నా అదే కథ, బిగుసుకోవడం కొంచెం తక్కువ, అంతే. ముందు చక్రాలు ఈడ్చుకుపోతున్నట్టు నేల మీద గీతలు పడుతున్నాయి, వెనక చక్రాలు గుంట తవ్వుతున్నాయి.

పెన్నఒడ్డు

తిన్నగా పోతున్నా అంటే అది వేరే సంగతి. నాలుగు టైర్ల మీద ఉన్న నంబర్లు చదివి ఇక్కడ రాయి. హబ్‌లు కూడా చూడు, ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే లాక్ ఉందా, లేక ఎవరైనా పీకేసి మామూలు ఫ్లాంజ్ (చక్రాన్ని ఎప్పుడూ ఇరుసుకు కట్టేసి ఉంచే బిళ్ల) బిగించారా.

చీనీతోట

హబ్ లాక్‌లు లేవు, ఫ్లాంజే ఉంది. ముందు రెండూ 215/75 ఆర్15, అరిగినవి. వెనక రెండూ 235/75 ఆర్15, కొత్తవి, అమ్మినాయనే వేయించాడు. వెనక కొత్త టైర్లు చూసే ధర కొంచెం ఎక్కువ పెట్టా 😀

పెన్నఒడ్డు

దొరికింది. లెక్క చూడు, 215/75 ఆర్15 నిలువెత్తు 703 మిల్లీమీటర్ల చిల్లర, 235/75 ఆర్15 అయితే 733 చిల్లర. నాలుగు శాతం పైనే తేడా, ముందువి అరిగినవి కాబట్టి ఇంకా ఎక్కువ. టూ వీల్‌లో తిరిగేవాడికి ఏమీ తెలియదు. ఫోర్‌వీల్‌కు మాత్రం నాలుగు టైర్లూ ఒకే సైజు, వీలైతే ఒకే కంపెనీ, ఒకే మోస్తరు అరుగుదల ఉండాల. ట్రాన్స్‌ఫర్ కేస్ జోలికి పోవద్దు, ముందు ఎవరిదైనా బండి నుంచి రెండు 215లు అడుక్కొచ్చి వెనక బిగించి చూడు.

లేత్‌షెడ్డు (కర్నూలు)

టైర్ల మాట సరే, కానీ నాకు అది చాలదనిపిస్తోంది. మొదటి పోస్టు మళ్లీ చదవండి. మీటరు 60 అంటే అసలు 70 దాటుతోంది. పెద్ద టైరుకు నాలుగు శాతం వస్తుంది, అంటే 62, 63. మిగతాది ఎక్కడినుంచి వచ్చింది? మైలేజీ అనుకున్న దానికంటే బాగుందంట. టమాటా బండంట, మదనపల్లె బెంగళూరు లైనంట. నాకేదో వాసన వస్తోంది. ఆ టైర్లు మార్చి, ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకొని మీటరు 60 దగ్గర ఫోన్ ఎంత చూపిస్తుందో చెప్పప్పా.

ఆర్సీబుక్ (కడప)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. బండి ఎల్లో బోర్డా, వైట్ బోర్డా? గూడ్స్ అయితే ఎనిమిదేళ్లు దాటాక ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. ఇనుప బంపరు కొనే ముందు ఆలోచించు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు తీయించమని రాష్ట్రాలన్నిటికీ రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అనుమతి లేని మార్పు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన ప్రాథమిక రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని తీర్పు చెప్పింది. ఫిట్‌నెస్ రోజు బంపరు విప్పి, మళ్లీ వచ్చి బిగించేవాళ్లు ఉన్నారు, అది వేరే సంగతి. కానీ యాక్సిడెంట్ అయ్యి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చిన రోజు విప్పడానికి టైం ఉండదు. పైగా చాసిస్‌కు నేరుగా బిగించిన ఇనుము గుద్దిన దెబ్బను తీసుకోదు, లోపలికి పంపిస్తుంది.

గండికోట_కుర్రోడు

అన్నా అందరూ వేసుకునే తిరుగుతున్నారు కదా.

ఆర్సీబుక్

తిరుగుతున్నారు.

చీనీతోట

ఎల్లో బోర్డే అన్నా. బంపరు ఆలోచన పక్కన పెట్టా.

లేత్‌షెడ్డు అన్నా, మా బావ బండి నుంచి రెండు టైర్లు తెచ్చి వెనక వేశా, ఇప్పుడు నాలుగూ 215లే. బిగుసుకోవడం కొంచెం తగ్గింది కానీ పోలేదు. మీటరు 60 దగ్గర ఫోన్ 68, 69 మధ్య చూపిస్తోంది.

లేత్‌షెడ్డు

అదీ సంగతి. ఎవరో వెనక హౌసింగ్‌లో (ఇరుసు మధ్య గుండ్రటి పెట్టె) క్రౌన్ పినియన్, అంటే షాఫ్టు తిప్పుడును చక్రాలకు అందించే పెద్ద, చిన్న గేర్ల జత, మార్చేశారు. టమాటా లైనులో రాత్రంతా హైవే మీద పోవాల, ఇంజిన్ తక్కువ తిరిగి బండి ఎక్కువ పోవాల, డీజిల్ మిగలాల. అందుకని స్పీడ్ క్రౌన్ వేయించుకుంటారు. వాళ్లకు ఫోర్‌వీల్‌తో పనిలేదు కాబట్టి ముందు హౌసింగ్ ముట్టుకోరు. మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వస్తుంది కదా, షాఫ్టు తిరిగినన్నిసార్లే దానికి తెలుసు, ఆ తర్వాత చక్రం ఎంత తిరిగిందో దానికి తెలియదు. అందుకే తక్కువ చూపిస్తోంది.

నా మాట నమ్మాల్సిన పనిలేదు, నువ్వే లెక్కపెట్టు. సమంగా ఉన్న నేల మీద పెట్టి ముందు చక్రాలకు రాళ్లు గట్టిగా అడ్డం పెట్టు. గేరు న్యూట్రల్, లివర్ టూ వీల్‌లో ఉండాల. వెనక రెండు చక్రాలూ లేపి హౌసింగ్ కింద స్టాండ్లు పెట్టు, ఒట్టి జాకీ మీద నిలబెట్టి కిందికి దూరావంటే నాకు ఫోన్ చేయడానికి నువ్వుండవు. షాఫ్టు మీద సుద్దతో గీత గియ్యి, చక్రం మీద ఒక గీత. ఒక చక్రం ఎవరినైనా కదలకుండా పట్టుకోమని, రెండోది సరిగ్గా పది చుట్లు తిప్పు, ఆ లోపల షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాల. ఒక చక్రం ఆపేస్తే డిఫరెన్షియల్ వల్ల క్రౌన్ సగమే తిరుగుతుంది, అంటే పదికి అయిదు. కాబట్టి షాఫ్టు చుట్లను అయిదుతో భాగిస్తే అదే నీ రేషియో, అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు. తర్వాత రాళ్లు వెనక చక్రాలకు మార్చి, ముందు ఇరుసు లేపి అదే పని చెయ్యి, టూ వీల్‌లో ఉంటే ముందు షాఫ్టు ఒంటరిగా తిరుగుతుంది. రెండు అంకెలూ ఒకటే వస్తే నేను తప్పు, అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పించుకో.

నల్లరేగడి (ముద్దనూరు)

ఈ పద్ధతి బాగుంది అన్నా, సేవ్ చేసుకున్నా. చైన్ సాగిన బండి మా దగ్గర ఒకటుండేది. లోడు మీద ఎక్కేటప్పుడు పళ్ల మీద చైన్ దూకి కటకటమని కొట్టేది, కొట్టినప్పుడు లాగుడు పోయేది. బిగుసుకోవడం దాని లక్షణం కాదు.

చీనీతోట

లెక్కపెట్టాం. మా నాయన సుద్ద పట్టుకొని కూర్చున్నాడు, ఇదేం పిచ్చి అని తిడుతూనే ఒక్క చుట్టు తప్పకుండా లెక్కపెట్టాడు.

ముందు: షాఫ్టు 21 చుట్లు పైన మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ.
వెనక: 18 చుట్లు పైన సగం కంటే కొంచెం ఎక్కువ.

లేత్‌షెడ్డు

మీ నాయనకు నా దండాలు. ముందు 4.27, అంటే క్రౌన్ 47 పళ్లు, పినియన్ 11. వెనక 3.73, అంటే 41, 11. షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరిగితే, ముందు చక్రం వంద అడుగులు పోతానంటే వెనక చక్రం నూటపద్నాలుగు పోతానంటోంది. దాని మీద పెద్ద టైర్లు కూడా వెనకే వేశారు, అప్పుడు తేడా 19 శాతం. నీ మీటరు 60కి 71, 72 రావాల్సిందే, మీవాడు బైకు మీద కరెక్టుగానే చెప్పాడు. ఇంత జరిగినా ఆ ట్రాన్స్‌ఫర్ కేస్ పగలలేదంటే అది గట్టిదే. దాన్ని విప్పొద్దు.

చీనీతోట

45 వేలు పెట్టి అది విప్పి మళ్లీ కట్టినా ఇదే గోల ఉండేది కదన్నా! ఇప్పుడు వెనకది మార్చాలా, ముందుది మార్చాలా? వెనకది ఉంచి ముందు కూడా 3.73 చేస్తే మైలేజీ మిగులుతుంది కదా?

పెన్నఒడ్డు

నీ పని తోటలో. చీనీ కాయ లోడుతో బురదలో లాగాలంటే 4.27 ఉండాల. 3.73తో ఫస్ట్ గేరులో కూడా క్లచ్ కాల్చుకుంటూ పోవాల. నార్పల నుంచి అనంతపురం మార్కెట్ యార్డు దాకా పోయే దూరానికి ఎంత డీజిల్ మిగులుతుంది చెప్పు?

సీమ_పికప్ (ఆదోని)

నేను మాత్రం రెండోవైపు. రోజూ హైవే తిరిగేవాడైతే రెండు పక్కలా 3.73 చేసుకొని, బురదకు ఫోర్ లో వాడుకోవచ్చు, లో గేరులో ఎలాగూ బలం రెండింతలు దాటుతుంది. నా బండి అలాగే ఉంది. కానీ నీ వాడకం విన్నాక నీకు పెన్నఒడ్డు అన్న చెప్పిందే సరి, పైగా ముందు హౌసింగ్ విప్పడం వెనకదాని కంటే పెద్ద పని.

లేత్‌షెడ్డు

వెనకదే మార్చు. రెండు దార్లున్నాయి. ఒకటి, పాత సామాన్ల అంగట్లో 4.27 ఉన్న హౌసింగ్ మొత్తం దొరికితే అలాగే తెచ్చి వేయడం. సుద్ద గీత లెక్క అక్కడే అంగట్లోనే పెట్టి చూసుకో, వాడు చెప్పింది నమ్మొద్దు. బ్రేక్ డ్రమ్ములు, కమాను కట్టల (స్ప్రింగు పట్టీల) సీటు వెడల్పు నీ బండికి సరిపోవాల. రెండోది, కొత్త క్రౌన్ పినియన్ సెట్టు కొని నీ హౌసింగ్‌లోనే వేయించడం. బెంగళూరు జేసీ రోడ్డులో సెట్లు దొరుకుతాయి. క్రౌన్ ఒకచోట, పినియన్ ఒకచోట కొనొద్దు, రెండూ జతగా రాపాడించి చేసినవి, రెంటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది.

వేసేవాడు ఎవడనేదే ఇక్కడ ముఖ్యం. పళ్ల మీద రంగు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడుతోందా లేదా చూసి, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చి మార్చి సెట్ చేయాల. సందు కొలిచే డయల్ గేజ్ లేకుండా చేత్తో ఊపి సరిపోయిందిలే అనే షెడ్డుకు ఇచ్చావంటే రెండు నెలల్లో ఊళ వేస్తుంది. యాక్సిల్ సీళ్లు, పినియన్ సీలు, బేరింగులు అప్పుడే కొత్తవి వేయించు. గేర్ ఆయిల్ 90 నంబరు, డబ్బా మీద జీఎల్5 అని ఉండాల. మొదట్లో లోడు వేయకుండా తిరిగి, ఆ ఆయిల్ ఒకసారి మార్చేయ్.

నల్లరేగడి

హౌసింగ్ ఎలాగూ దిగుతోంది కాబట్టి ఇంకో మాట. హౌసింగ్ మీద బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం ఉంటుంది, మట్టి పట్టి మూసుకుపోయి ఉంటుంది చూడు. పరిగెత్తి వేడెక్కిన హౌసింగ్ వంక నీళ్లలో దిగగానే చల్లబడి లోపల గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. తర్వాత విప్పితే ఆయిల్ బదులు మజ్జిగ కారుతుంది. ఆ బ్రీదర్‌కు ఒక గట్టి రబ్బరు పైపు తొడిగి బాడీ దాకా పైకి తెచ్చి కట్టేయ్. వందల్లో అయిపోయే పని, చిత్రావతి ఎన్నిసార్లు దాటినా టెన్షన్ ఉండదు.

టైర్ల మాటకొస్తే మా నల్లరేగడిలో మడ్ టైరే వేయాల, తడిసిన రేగడి ఆల్ టెర్రైన్ (తారుకూ మట్టికీ రెంటికీ పనికొచ్చే) టైరు గీతల్లో నిండిపోయి టైరు బోడిగుండు అవుతుంది. మీ నార్పల వైపు ఎర్రనేలా, నల్లనేలా?

చీనీతోట

మా తోట ఎర్రనేల, రాళ్లు కలిసింది. దారిలో కొంచెం నల్లనేల తగులుతుంది.

నల్లరేగడి

అయితే ఆల్ టెర్రైన్ చాలు, తారు మీద మోత కూడా తక్కువ. వెనక 235లు కొత్తవే ఉన్నాయి కాబట్టి అవే కంపెనీ, అవే గీతలు ఉన్నవి ఇంకో రెండు ముందుకు కొను, స్టెప్నీ కూడా అదే సైజు పెట్టుకో. 215 మీద ఇరుసు కింద ఎత్తు 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మీటరు 60కి అసలు వేగం 62 చిల్లర అవుతుంది. పాత స్టెప్నీతో ఫోర్‌వీల్ మాత్రం వేయొద్దు. కొనే ముందు స్టీరింగ్ పూర్తిగా రెండువైపులా తిప్పి, ఒకరిని బంపరు మీద ఎక్కించి, టైరు మడ్‌గార్డుకు తగులుతోందా చూసుకో.

గండికోట_కుర్రోడు

15 మిల్లీమీటర్లు అంటే ఏం కనబడుతుంది అన్నా 😭 కమాను కట్టలో ఇంకో పట్టీ వేయించొచ్చు కదా?

పెన్నఒడ్డు

లోడు వేసేవాడు వేయించుకోవచ్చు. కానీ చాలా పికప్‌లకు వెనక ఇరుసు మీద ఒక కడ్డీ ఉంటుంది, అది బ్రేక్ వాల్వుకు పోతుంది. బండి వెనక భాగం ఎంత కిందికి కుంగితే అంత లోడు ఉన్నట్టు లెక్కగట్టి వెనక బ్రేకుకు అంత ప్రెషర్ పంపిస్తుంది. నువ్వు వెనక లేపేస్తే, టన్ను లోడు ఉన్నా అది ఖాళీ బండి అనుకుంటుంది, వెనక బ్రేకు తక్కువ పడుతుంది, ముందు ప్యాడ్లు మాడిపోతాయి. పట్టీ వేయించిన ప్రతివాడూ ఆ కడ్డీ మళ్లీ సెట్ చేయించాల. మన షెడ్లలో దాని ఊసే ఎత్తరు.

ఇంకోటి, టార్షన్ బార్ (ముందు స్ప్రింగు బదులు మెలిపడే కడ్డీ) ఉన్న బండ్లకు బోల్టు తిప్పి ముందు లేపేస్తారు. లేస్తుంది, కానీ చక్రం కిందికి దిగే జాగా తగ్గుతుంది, డ్రైవ్ షాఫ్టు జాయింట్లు వంకర కోణంలో తిరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి. చిరిగిన బూటు, మన ఎర్ర దుమ్ము. అంతే సంగతులు.

లేత్‌షెడ్డు

దుమ్ము అన్నావు కాబట్టి. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు పోయే రబ్బరు గొట్టం చేత్తో మడిచి చూడప్పా, పాత బండ్లకు మడతల్లో సన్నగా పగిలి ఉంటుంది, క్లిప్పులు వదులై ఉంటాయి. ఫిల్టర్ ఎంత కొత్తదైనా ఆ పగుల్లోంచి దుమ్ము నేరుగా టర్బో రెక్కల మీదికి, అక్కడినుంచి లైనర్లలోకి పోతుంది. ఆరు నెలల్లో బ్యాక్ కంప్రెషన్ (ఇంజిన్ లోపలి గాలి పిస్టన్ పక్కనుంచి కిందికి తన్నడం) మొదలవుతుంది, మంచి ఇంజిన్ చేతులారా పోతుంది. గొట్టం లోపల వేలు పెట్టి తుడిస్తే ఎర్రగా అంటుకోకూడదు.

రేడియేటర్‌లో ఏం పోస్తున్నావ్? బోరు నీళ్లేనా?

చీనీతోట

బోరు నీళ్లే ఉన్నాయన్నా, మూత చుట్టూ తెల్లగా పొక్కు కట్టింది. గొట్టం చూశా, అడుగున ఒకచోట పగుళ్లున్నాయి. లోపల తుడిస్తే కొంచెం ఎర్రగా వచ్చింది.

లేత్‌షెడ్డు

గొట్టం రేపే మార్చు, టైర్ల కంటే ముందు, క్రౌన్ కంటే కూడా ముందు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, పాలు కాచిన గిన్నెలా రేడియేటర్ కోర్ లోపల పెచ్చు కడుతుంది. కోర్ విప్పించి రాడ్ వేయించి శుభ్రం చేయించు, తర్వాత కూలెంటు డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పొయ్యి. ఏప్రిల్, మేలో లో గేరులో మెల్లగా లాగేటప్పుడు ముందునుంచి గాలి రాదు, ఫ్యాన్ మీదే ఆధారం, అప్పుడు తెలుస్తుంది కోర్ విలువ.

చీనీతోట

ఆలస్యంగా రాస్తున్నా, కోతల్లో పడిపోయాం. గొట్టం ఆ మరుసటి రోజే మార్చా. రేడియేటర్ రాడ్ వేయించా, పెచ్చులు దోసెడు వచ్చాయి. హౌసింగ్ కోసం కర్నూలు, హిందూపురం రెండూ తిరిగినా దొరికినవన్నీ 3.73లే లేదంటే పళ్లు కొట్టుకుపోయినవి. చివరికి జేసీ రోడ్డులో 47, 11 సెట్టు తెచ్చి, డయల్ గేజ్ ఉన్న షెడ్డు వెతికి వేయించా. సామాను, బేరింగులు, కూలీ అన్నీ కలిపి ఆ మెకానిక్ అడిగిన 45 వేలలో సగం దాటలేదు. బ్రీదర్లు రెండూ పైకి తెచ్చి కట్టా. నాలుగూ 235 ఆల్ టెర్రైన్‌లే ఇప్పుడు, స్టెప్నీ ఇంకా కొనలేదు.

మొన్న వాన పడ్డాక కాయ లోడుతో తోటలోంచి ఫోర్ హైలోనే వచ్చేసింది, లో కూడా వేయలేదు. లివర్ ఒక్క వేలితో వస్తోంది. మీటరు 60కి ఫోన్ 62. డీజిల్ మాత్రం మునుపటి కంటే కొంచెం ఎక్కువే తాగుతోంది.

సీమ_పికప్

తాగుతుంది మరి. ఆ తీసేసిన 41, 11 సెట్టు పళ్లు బాగున్నాయా? జత నంబరు కనబడుతోందా? మా ఊళ్లో ఒకాయన టూ వీల్ బండికి వెతుకుతున్నాడు.

చీనీతోట

బాగున్నాయన్నా, రెంటి మీదా నంబరు ఒకటే. ఫోటోలు పర్సనల్ మెసేజ్‌లో పంపిస్తా.